కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య: స్టాక్ మార్కెట్ నిర్మాణం, డీలర్ల తీరుపై తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రోకరేజీ ఇరవై రూపాయలా, సున్నానా అని నాలుగైదు యాప్‌లు పోల్చి చూసుకునేవాళ్లు కూడా తమ ఆర్డర్ ఏ ధరకు పడిందో, ఆ ధర ఎలా వచ్చిందో పెద్దగా పట్టించుకోరు. అసలు ఖర్చు చాలాసార్లు అక్కడే ఉంటుంది. అది ఎంతన్నది మీ తెలివితేటల కన్నా, ఆ మార్కెట్‌లో ధర చెప్పే హక్కు ఎవరి చేతిలో ఉందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఈ పేజీలో ఉన్నదంతా ఆ ఒక్క విషయం చుట్టూ తిరిగే ప్రశ్నలే. ఎక్కువ భాగం అమెరికాలోని నాస్‌డాక్ గురించి ఉంటుంది. డీలర్లు ఎలా ప్రవర్తిస్తారో అంత వివరంగా రికార్డుల్లోకి ఎక్కిన మార్కెట్లు అరుదు. మన ముంబై, హైదరాబాద్ సంగతులు ఆ తర్వాత వస్తాయి.

ట్రేడింగ్ నాణ్యత అంటే ఏమిటి? దాన్ని కొలవడం కుదురుతుందా?

కుదురుతుంది. ఒక చిన్న కంపెనీ షేరు తీసుకుందాం, అంకెలు ఉదాహరణకే. ఫోన్‌లో మార్కెట్ డెప్త్ తెరిచారు. కొనేవాళ్లలో అందరికన్నా ఎక్కువ ఇస్తానన్నవాడి ధర 84.20. అమ్మేవాళ్ల వైపు 85.60కి 150 షేర్లు, 85.90కి 400, 86.75కి 600, 88.00కి 1000 ఉన్నాయి. మీకు 2000 షేర్లు కావాలి. మార్కెట్ ఆర్డర్, అంటే ధర చెప్పకుండా దొరికిన ధరకే కొనే ఆర్డర్, కొట్టారు.

మొదటి మూడు ధరల దగ్గర 1150 షేర్లు అయిపోతాయి. మిగిలిన 850 షేర్లు 88 రూపాయలకు పడతాయి. మొత్తం 1,74,050 రూపాయలు, అంటే సగటున షేరుకు 87 రూపాయల పైచిలుకు. మీరు ఆర్డర్ పెట్టే క్షణంలో కొనే ధరకూ అమ్మే ధరకూ సరిగ్గా మధ్యలో ఉన్నది 84.90. ఆ లెక్కన మీరు అదనంగా ఇచ్చింది 4,250 రూపాయలు. కాంట్రాక్ట్ నోట్‌లో బ్రోకరేజీ, ఎస్‌టీటీ, జీఎస్‌టీ, స్టాంప్ డ్యూటీ అన్నీ పైసలతో సహా ఉంటాయి, ఈ 4,250 మాత్రం ఏ వరుసలోనూ ఉండదు.

ఈ ఉదాహరణలోనే కొలతలన్నీ ఉన్నాయి. కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఉన్న 1.40 రూపాయలు స్ప్రెడ్. ఒక్కో ధర దగ్గర ఎన్ని షేర్లున్నాయన్నది డెప్త్. మీ ఆర్డరే ధరను ఎంత పైకి తోసిందన్నది ఇంపాక్ట్. నిజంగా మీకు పడిన ధర నడిమి ధరకు ఎంత దూరంలో ఉందో చూసి, దాన్ని రెట్టింపు చేస్తే వచ్చేది ఎఫెక్టివ్ స్ప్రెడ్. తెర మీద కనిపించే స్ప్రెడ్ కన్నా ఈ చివరిదే నిజం చెబుతుంది. రిలయన్స్, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ లాంటి షేర్లలో స్ప్రెడ్ పైసల్లో ఉంటుంది కాబట్టి చాలామందికి ఈ సంగతే తెలియదు. చిన్న షేర్ల దగ్గరకు వెళ్లినప్పుడు తెలుస్తుంది.

మార్కెట్ నిర్మాణం అంటున్నారు. షేరు ఎక్కడ కొన్నా షేరే కదా, తేడా ఏముంటుంది?

ధర చెప్పే హక్కులో ఉంటుంది తేడా. డీలర్ మార్కెట్‌లో మీరు ఇంకో మదుపరితో బేరం చేయలేరు. కొనాలన్నా అమ్మాలన్నా మధ్యలో డీలరే ఉంటాడు. కొనే ధర, అమ్మే ధర రెండూ అతనే చెబుతాడు, ఆ రెంటి మధ్య తేడా అతని సంపాదన. ఆర్డర్ మార్కెట్‌లో అలా కాదు. ఎవరైనా తమ ధరను లిమిట్ ఆర్డర్‌గా పెట్టొచ్చు, మంచి ధర పెట్టినవాడికి ముందు వరుస, ఒకే ధర అయితే ముందు వచ్చినవాడికి ముందు వరుస. మీరు పెట్టిన ఆర్డర్ కూడా దేశమంతటికీ కనిపించే ధర అయిపోతుంది.

పశువుల సంతలో తువాలు కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని దళారులు ధర తేల్చుకోవడం చూసినవాళ్లకు డీలర్ మార్కెట్ వెంటనే అర్థమవుతుంది. పక్కన నిలబడ్డ రైతుకు తన ఎద్దుల జత ఎంతకు పలికిందో చివర్లో చెబుతారు. ఆ తువాలు తీసేస్తే ఎవరి ఆదాయం తగ్గుతుందో, దాన్ని ఉంచాలని పట్టుబట్టేదీ వాళ్లే. స్టాక్ మార్కెట్ల గత యాభై ఏళ్ల చరిత్రలో పెద్ద తగాదాలన్నీ ఇలాంటివే.

అయితే డీలర్ తీసుకునే స్ప్రెడ్ అంతా దోపిడీయేనా?

కాదు. ఇది న్యాయంగా చెప్పుకోవాల్సిన విషయం. ఎవరూ కొనని సమయంలో డీలర్ కొంటాడు, ఆ షేర్లు తన దగ్గర ఉన్నంతసేపు ధర పడే ప్రమాదం అతనిదే. మనుషులు, కంప్యూటర్లు, లైసెన్సులు, వాటి ఖర్చూ ఉంది. వీటన్నిటికన్నా పెద్ద భయం ఇంకొకటుంది. తనతో బేరం చేస్తున్నవాడికి తనకు తెలియనిది ఏదో తెలిసి ఉండొచ్చు. ఫలితాలు బాగాలేవని ముందే తెలిసినవాడు అమ్ముతుంటే, డీలర్ కొన్న ప్రతి షేరు మీదా నష్టమే. ఆ నష్టాన్ని ఏమీ తెలియని మామూలు మదుపరుల దగ్గర స్ప్రెడ్ రూపంలో రాబట్టుకుంటాడు. ఆర్థికవేత్తలు లారెన్స్ గ్లాస్టెన్, పాల్ మిల్‌గ్రామ్ 1985లో దీన్ని గణితంతో చూపించారు. డీలర్‌కు ఖర్చులేమీ లేకపోయినా, లాభం సున్నా అయినా, ఈ భయం ఒక్కటి చాలు స్ప్రెడ్ పుట్టడానికి.

కాబట్టి ఇన్‌సైడర్ ట్రేడింగ్ వల్ల నష్టపోయేది డీలర్ ఒక్కడే కాదు. ఆ షేరులో అందరికీ స్ప్రెడ్ పెరుగుతుంది. ఫలితాలు వెలువడే రోజు ఉదయం స్ప్రెడ్ వెడల్పవడానికీ కారణం ఇదే.

మనం అడగాల్సింది ఈ న్యాయమైన కూలి పైన ఎంత అదనంగా పోతోంది, అది ఏ ఏర్పాటు వల్ల పోతోంది అని.

ఒకే షేరులో పదుల మంది డీలర్లుంటే పోటీ వల్ల స్ప్రెడ్ దానంతట అదే తగ్గాలి కదా?

నాస్‌డాక్ ఇరవై ఏళ్లకు పైగా అమెరికాకు చెప్పిన మాట అదే. 1971 ఫిబ్రవరి 8న మొదలైనప్పుడు అది డీలర్ల ధరలు చూపించే కంప్యూటర్ వ్యవస్థ మాత్రమే. బేరం ఫోన్‌లోనే. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఒక్కో షేరుకు స్పెషలిస్టు అనే డీలర్ ఒక్కడే ఉంటే, నాస్‌డాక్‌లో పెద్ద షేర్లకు పదుల మంది డీలర్లు. పుస్తకాల ప్రకారం ఇక్కడే స్ప్రెడ్ తక్కువ ఉండాలి.

అప్పట్లో అమెరికా షేర్ల ధరలు డాలర్‌లో ఎనిమిదో వంతుల్లో పలికేవి. ఎనిమిదో వంతు అంటే 12.5 సెంట్లు. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో విలియమ్ క్రిస్టీ, ఒహాయో స్టేట్‌లో పాల్ షుల్జ్ 1991లో బాగా చలామణీ అయిన 100 నాస్‌డాక్ షేర్లకు డీలర్లు చెప్పిన ధరలు (కోట్‌లు) ముందేసుకుని చూశారు. 1/8, 3/8, 5/8, 7/8 అనే బేసి వంతులు, 1/4, 1/2, 3/4 లాంటి సరి వంతులు ఇంచుమించు సమానంగా కనిపించాలి. న్యూయార్క్‌లోని అలాంటి షేర్లలో అన్ని వంతులూ కనిపించాయి. నాస్‌డాక్‌లో 100కి 70 షేర్లలో బేసి వంతులు దాదాపు లేనే లేవు. ఆ జాబితాలో యాపిల్ ఉంది, లోటస్ ఉంది.

బేసి వంతు వాడకపోతే ఏమవుతుందో చూడండి. కొనే ధర 30 డాలర్లయితే, అమ్మే ధర 30 1/8 కావడానికి లేదు, 30 1/4 అవ్వాలి. స్ప్రెడ్ 12.5 సెంట్ల దగ్గర ఆగాల్సింది 25 సెంట్ల కన్నా తగ్గదు. వెయ్యి షేర్లు కొని అదే ధరల దగ్గర అమ్మేసిన మదుపరికి 125 డాలర్ల బదులు 250 డాలర్లు పోతాయి. రోజుకు కోట్ల షేర్లు చేతులు మారే మార్కెట్‌లో ఇది జరుగుతోంది.

ఇది బయటపడగానే డీలర్లు ఏం చేశారు?

నన్ను అన్నిటికన్నా కదిలించే భాగం ఇదే. పరిశోధన జర్నల్‌లో అచ్చయింది 1994 డిసెంబరులో. కానీ అందులోని విషయం మే 26, 27 తేదీల్లోనే పత్రికలకెక్కింది. 27న అమ్‌జెన్, సిస్కో, మైక్రోసాఫ్ట్ షేర్లలో డీలర్లు ఉన్నట్టుండి బేసి వంతులు వాడటం మొదలుపెట్టారు. సగటు స్ప్రెడ్ దాదాపు సగానికి పడిపోయింది. ఆ తర్వాతి ట్రేడింగ్ రోజున యాపిల్‌లోనూ అదే జరిగింది.

ఆ రెండు రోజుల్లో ఆ కంపెనీల వ్యాపారం మారలేదు, రిస్క్ మారలేదు, డీలర్ల ఖర్చులు మారలేదు. పేపర్లో వార్త వచ్చింది, అంతే. అంతకుముందున్న స్ప్రెడ్ న్యాయమైన ఖర్చుల వల్లే అయితే అది ఒక వార్తకు సగం కాకూడదు.

అంటే డీలర్లంతా గదిలో కూర్చుని కుట్ర చేశారా?

కుట్ర అనే మాట వాడేముందు వాళ్లు ఎలా పనిచేసేవాళ్లో చూడాలి. అమెరికా న్యాయశాఖలో వ్యాపార పోటీని కాపాడే యాంటీట్రస్ట్ విభాగం 24 సంస్థల మీద కేసు వేసి, 1996 జులైలో పరిష్కారం కుదుర్చుకుంది. అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ (ఎస్‌ఈసీ) అదే ఏడాది ఆగస్టులో తన నివేదిక విడుదల చేసింది. వాటిలో కనిపించేది రాతపూర్వక ఒప్పందం కాదు, ఒక రివాజు. ఎవరైనా స్ప్రెడ్ తగ్గించి కోట్ చేస్తే మిగతావాళ్లు ఫోన్ చేసి మందలించేవారు. వినకపోతే అతనితో వ్యాపారం తగ్గించేవారు. కొత్తగా చేరిన ట్రేడర్‌కు ఈ రివాజు ఉద్యోగంలో భాగంగానే అలవడేది. తెర మీద చెప్పిన ధరకు ఫోన్ చేస్తే ఆ ధరకు ఇవ్వకుండా వెనక్కి తగ్గడం, ట్రేడ్‌లను ఆలస్యంగా రిపోర్ట్ చేయడం కూడా ఆ నివేదికలోకి ఎక్కాయి.

అయితే మనుషుల చెడ్డతనంతోనే దీన్ని ముగించేస్తే అసలు పాఠం పోతుంది. నాస్‌డాక్‌లో బ్రోకర్లు తమ ఖాతాదారుల ఆర్డర్లను ముందే మాట్లాడుకున్న డీలర్‌కు పంపేవారు. ఆ డీలర్ చెప్పిన ధర అందరికన్నా మెరుగ్గా లేకపోయినా ఫర్వాలేదు, ఎవరి మంచి ధరకైనా సమానంగా ఇస్తానంటే చాలు. ఇలాంటి ఏర్పాటులో ఒక డీలర్ సాహసించి ధర తగ్గించినా అతనికి కొత్త ఆర్డర్లేమీ రావు. తగ్గించిన ధరకు పక్కవాళ్లు కూడా ఇవ్వాల్సి వస్తుంది కాబట్టి వాళ్ల కోపం మాత్రం వస్తుంది. మంచి ధర చెప్పినవాడికి బహుమతి లేని చోట మంచి ధర ఎవరు చెబుతారు? అరవై మందిని పెట్టినా అంతే.

ఇంకో విషయం. ఇదే డీలర్లు ఇన్‌స్టినెట్ అనే ప్రైవేటు వ్యవస్థలో, పెద్ద సంస్థలకు మాత్రమే కనిపించే తెర మీద, ఇంతకన్నా మంచి ధరలు పెట్టేవారు. ఒకే షేరు, ఒకే నిమిషం, రెండు ధరలు. మంచిది పెద్దవాళ్లకు, వెడల్పాటిది మామూలు జనానికి.

మదుపరుల తరఫున వేసిన సివిల్ దావాలో సంస్థలు తప్పు ఒప్పుకోకుండానే 100 కోట్ల డాలర్లకు పైగా కట్టడానికి అంగీకరించాయి. న్యాయశాఖతో కుదిరిన పరిష్కారంలో మరో షరతు ఉంది: ట్రేడర్ల ఫోన్ సంభాషణల్లో కొంత శాతాన్ని ఆ సంస్థలు రికార్డు చేసి వినాలి.

చివరికి దాన్ని బాగుచేసింది ఏమిటి? జరిమానాలా?

జరిమానాలు కావు. 1997 జనవరి 20 నుంచి దశలవారీగా అమల్లోకి వచ్చిన ఆర్డర్ హ్యాండ్లింగ్ రూల్స్. వాటిలో ముఖ్యమైనవి రెండే. ఖాతాదారుడు డీలర్ కన్నా మంచి ధరకు లిమిట్ ఆర్డర్ పెడితే డీలర్ దాన్ని దాచకుండా అందరికీ చూపించాలి. డీలర్ ప్రైవేటు తెర మీద మంచి ధర పెడితే అది జనం చూసే తెర మీదకూ రావాలి.

అంటే మామూలు మదుపరి డీలర్‌తో పోటీకి దిగాడు. క్రిస్టీ, షుల్జ్ మరికొందరితో కలిసి చేసిన తర్వాతి పరిశోధనలో స్ప్రెడ్‌లు సుమారు 30 శాతం తగ్గినట్టు తేలింది. మార్కెట్ మిగతా విధాలుగా దెబ్బతినలేదు కూడా. ఐలండ్ లాంటి ఎలక్ట్రానిక్ వ్యవస్థలు ఆ దారిలోనే పెరిగాయి.

నియమం అనగానే మార్కెట్‌కు సంకెళ్లు అనుకునేవాళ్లకు నేను ఈ ఉదాహరణే చూపిస్తాను. ఈ నియమం పోటీని అడ్డుకోలేదు, పోటీలోకి కొత్తవాళ్లను దించింది.

న్యూయార్క్ స్పెషలిస్టుల పద్ధతి మేలైనదా?

కొన్ని విధాల అవును. అక్కడ జనం లిమిట్ ఆర్డర్లు మొదటినుంచీ డీలర్‌తో పోటీ పడేవి. కానీ ఆర్డర్ పుస్తకం మొత్తం చూసే హక్కు ఒక్కడికే ఉండేది. నేరుగా కలిపేయగల కొనుగోలు, అమ్మకం ఆర్డర్ల మధ్య తాము దూరి సెంట్లు ఏరుకున్నారన్న ఆరోపణ మీద 2004లో ఐదు స్పెషలిస్టు సంస్థలు 24 కోట్ల డాలర్లకు పైగా కట్టాయి. నిర్మాణం వేరు, ప్రలోభం ఒకటే.

మన దేశంలో డీలర్లు ఉండేవాళ్లా?

ఉండేవాళ్లు. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజ్ (బీఎస్‌ఈ) 1875 నాటిది. దలాల్ స్ట్రీట్‌లోని రింగ్‌లో జాబర్లు అనే డీలర్లు నిలబడి రెండు ధరలు అరిచేవారు. మన దగ్గర కొనాలనుకున్నవాడు ఊళ్లో సబ్‌బ్రోకర్‌కు చెబితే, అతను ఇంకొకరికి చెబితే, ఆయన ముంబైకి ఫోన్ చేస్తే, సాయంత్రానికో మర్నాటికో ఒక ధర తిరిగొచ్చేది. ఆ ధరకు ఆ క్షణంలో నిజంగా ట్రేడ్ జరిగిందా అని సరిచూసుకునే ఆధారం మదుపరి చేతిలో ఉండేది కాదు. కాగితం మీద ఆనాటి గరిష్ఠ ధర కనిపిస్తే నమ్మడమే.

నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ (ఎన్‌ఎస్‌ఈ) 1994 నవంబరు 3న షేర్ల ట్రేడింగ్ మొదలుపెట్టినప్పుడు ఈ పద్ధతిని కొద్దికొద్దిగా బాగుచేయలేదు, పక్కన పెట్టేసింది. జాబర్ లేడు, రింగ్ లేదు. ఉపగ్రహంతో కలిపే వీశాట్ డిష్‌ల ద్వారా ఏ ఊరి బ్రోకర్ అయినా ఒకే ఆర్డర్ బుక్‌లోకి వస్తాడు. పేరు కనిపించదు, ధర, సమయం మాత్రమే లెక్క. విజయవాడ నుంచి వచ్చిన వంద షేర్ల ఆర్డర్ పది పైసలు మెరుగ్గా ఉంటే ముంబైలోని పెద్ద బ్రోకర్ ఆర్డర్ కన్నా ముందు నిలబడుతుంది. సుమారు ఏడాదిలో టర్నోవర్‌లో బీఎస్‌ఈని దాటేసింది. బీఎస్‌ఈ కూడా 1995 మార్చిలో కంప్యూటర్ ట్రేడింగ్‌కు మారక తప్పలేదు. నాస్‌డాక్ జనం ఆర్డర్లను తెర మీదకు తెచ్చింది 1997లో. మన ఎన్‌ఎస్‌ఈ అంతకు రెండేళ్ల ముందే పూర్తిగా ఆర్డర్ మార్కెట్. ఈ సంగతి మన దగ్గర గర్వంగా చెప్పుకునేవాళ్లు తక్కువ, చెప్పుకోవాలి.

మరి హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజ్ ఏమైంది?

1943లో మొదలైంది. రాష్ట్రంలోని ఎన్నో కంపెనీలు మొదట అక్కడే లిస్టయ్యాయి. ఎన్‌ఎస్‌ఈ టెర్మినల్ హైదరాబాద్ బ్రోకర్ బల్ల మీదకే వచ్చాక, ఆర్డర్లు ఎక్కువ ఉన్న చోటికే ఆర్డర్లు వెళ్లాయి. కొనేవాళ్లు ఎక్కువున్న చోట స్ప్రెడ్ తక్కువ, స్ప్రెడ్ తక్కువున్న చోటికే కొత్తవాళ్లు వస్తారు. ఈ చక్రం ఒకసారి తిరగడం మొదలైతే చిన్న మార్కెట్‌లో ఎంత మంచివాళ్లున్నా ఆపలేరు. బ్రోకర్ల యాజమాన్య వాటా తగ్గించుకోవాల్సిన గడువు దాటడంతో 2007 ఆగస్టులో గుర్తింపు కూడా పోయింది. వ్యాపారం అంతకు చాలా ముందే పోయింది.

డీలర్లే లేకపోతే, అందరూ ఒకేసారి అమ్మితే కొనేదెవరు?

ఆర్డర్ బుక్‌కు ఉన్న అసలు బలహీనత ఇదే. పుస్తకంలో ఎంత ఉంటే అంతే. 2012 అక్టోబరు 5న ఒక బ్రోకర్ దగ్గర నుంచి 650 కోట్ల రూపాయలకు పైగా విలువైన 59 పొరపాటు ఆర్డర్లు ఎన్‌ఎస్‌ఈలో పడ్డాయి. కొనే ఆర్డర్లన్నిటినీ ఒక్కొక్కటిగా తినేస్తూ పోయాయి, నిఫ్టీ 15 శాతానికి పైగా పడిపోయి ట్రేడింగ్ ఆగిపోయింది.

మరి డీలర్లుంటే ఆపేవారా? చరిత్ర అలా చెప్పడం లేదు. 1987 అక్టోబరు పతనంలో నాస్‌డాక్ డీలర్లు చాలామంది ఫోన్లు ఎత్తలేదు. ఆ కోపంతోనే చిన్న ఆర్డర్లను చెప్పిన ధరకు యంత్రమే పూర్తిచేసే వ్యవస్థలో డీలర్లు పాల్గొనడాన్ని 1988లో తప్పనిసరి చేశారు. 2010 మే 6న అమెరికాలో డౌ సూచీ నిమిషాల్లో వెయ్యి పాయింట్ల దాకా పడి లేచినప్పుడు, యాక్సెంచర్ షేరు ఒక్క సెంటుకు ట్రేడయింది, సోత్‌బీస్ షేరు 99,999.99 డాలర్లకు. రెండువైపులా ధర పెట్టి తీరాలన్న నియమాన్ని పాటించినట్టు చూపడానికి మార్కెట్ మేకర్లు పెట్టి ఉంచిన ఉత్తుత్తి కోట్‌లు అవి. నిజమైన ఆర్డర్లు మాయమయ్యాక మిగిలినవి అవే. ఆ ఏడాది చివర్లో అలాంటి కోట్‌లను నిషేధించారు.

ధర పెట్టాలని బలవంతం చేయడం సులువు. ఎంత దగ్గరగా, ఎంత పరిమాణంలో, ఎలాంటి సమయంలో పెట్టాలో రాయకపోతే ఆ బాధ్యత కాగితం మీదే ఉంటుంది.

చిన్న కంపెనీల ఎస్‌ఎంఈ షేర్లలో మార్కెట్ మేకర్ ఉంటాడంటారు. అయినా అమ్మలేకపోతున్నాం, ఎందుకు?

ఎస్‌ఎంఈ (చిన్న, మధ్యతరహా కంపెనీల) వేదికల్లో లిస్టయ్యాక కనీసం మూడేళ్లు మార్కెట్ మేకర్ ఉండాలి. రోజులో 75 శాతం సమయం రెండువైపులా ధర ఇవ్వాలి. కానీ అతను ఇవ్వాల్సిన పరిమాణానికి పరిమితి ఉంది, అతని దగ్గర షేర్లు ఎక్కువ పోగైతే మినహాయింపు ఉంది. లాట్లలోనే, అంటే నిర్ణీత సంఖ్యలో షేర్ల మూటలుగానే ట్రేడింగ్ కాబట్టి చిన్న మదుపరులు వచ్చి మధ్యలో మంచి ధర పెట్టే అవకాశమూ తక్కువ. అందరూ బయటపడాలనుకునే రోజున లోయర్ సర్క్యూట్ (ఆ రోజుకు ధర పడగల కింది హద్దు) పడితే కొనే ఆర్డర్ ఒక్కటీ కనిపించదు. మార్కెట్ మేకర్ ఉన్నాడన్న ధైర్యంతో ఇలాంటి షేరులో ఇంటి డబ్బు పెట్టొద్దని గట్టిగా చెబుతాను. కొనేముందు వారం రోజులు ఆ షేరు డెప్త్ చూడండి, రోజుకు ఎన్ని లాట్లు కదులుతున్నాయో చూడండి.

టిక్ సైజ్ తగ్గిస్తే స్ప్రెడ్ తగ్గుతుందా?

టిక్ అంటే ధర కదలగల అతి చిన్న అడుగు. అంతకన్నా తక్కువకు స్ప్రెడ్ తగ్గడం కుదరదు కాబట్టి, బాగా చలామణీ అయ్యే షేర్లలో తగ్గుతుంది. అమెరికా 1997లో పదహారో వంతులకు, 2001లో సెంట్లకు మారింది, పెద్ద షేర్లలో స్ప్రెడ్ బాగా తగ్గింది. దాంతోపాటే ఒక్కో ధర దగ్గర ఉండే షేర్ల సంఖ్య కూడా తగ్గింది. మీ ముందు ఒక సెంటు ఎక్కువ పెట్టి వరుసలో దూరడం చవకైపోయింది కదా. మన ఎన్‌ఎస్‌ఈ 2024 జూన్‌లో 250 రూపాయల లోపు షేర్లకు టిక్‌ను 5 పైసల నుంచి పైసాకు తగ్గించింది. పది రూపాయల షేరుకు 5 పైసలంటే అర శాతం, అది మరీ ఎక్కువ. ఆ మార్పు అవసరమే.

చిన్న కంపెనీల్లో టిక్ పెంచితే డీలర్లు ఉత్సాహంగా ధరలు పెడతారన్న వాదనను అమెరికా 2016 అక్టోబరు నుంచి రెండేళ్లు పరీక్షించింది. డెప్త్ పెరిగింది గానీ స్ప్రెడ్ కూడా పెరిగింది, చిన్న ఆర్డర్లు పెట్టేవాళ్లకు ఖర్చు ఎక్కువైంది. దాన్ని ఆపేశారు.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి కమిషన్ లేకుండా ట్రేడ్ చేస్తాడు. అక్కడ బ్రోకర్‌కు డబ్బెలా వస్తుంది?

వచ్చే దారుల్లో ఒకటి, అతని ఆర్డర్‌ను అమ్ముకోవడం. సిటడెల్ సెక్యూరిటీస్, వర్టు లాంటి హోల్‌సేల్ డీలర్లు బ్రోకర్లకు డబ్బిచ్చి మామూలు మదుపరుల ఆర్డర్లు తీసుకుంటారు. ఆ ఆర్డర్ ఎక్స్ఛేంజ్‌కు వెళ్లదు, డీలర్ దగ్గరే పూర్తవుతుంది. పైన గ్లాస్టెన్, మిల్‌గ్రామ్ చెప్పిన భయం గుర్తుందా? మీ అబ్బాయి దగ్గర రహస్య సమాచారం ఉండదని డీలర్‌కు తెలుసు. అలాంటి ఆర్డర్ అతనికి బంగారం.

తెర మీది ధర కన్నా కాస్త మెరుగ్గానే ఇస్తున్నాం అని డీలర్లు అంటారు. చాలా ఆర్డర్లలో అది నిజం కూడా. కానీ ఏ తెర కన్నా మెరుగు? నిరపాయమైన ఆర్డర్లన్నీ పక్కకు పోతే ఎక్స్ఛేంజ్‌లో మిగిలేవి ప్రమాదకరమైనవి, అక్కడి స్ప్రెడ్ అందుకే వెడల్పుగా ఉంటుంది. ఆ వెడల్పు ధరనే కొలబద్దగా పెట్టుకుని మెరుగు అనడం నాకు సబబుగా అనిపించదు. 2020 డిసెంబరులో రాబిన్‌హుడ్ 6.5 కోట్ల డాలర్లు కట్టి ఎస్‌ఈసీతో కేసు పరిష్కరించుకుంది, ఆరోపణలను ఒప్పుకోలేదు, ఖండించలేదు. కమిషన్ ఆదా లెక్కలోకి తీసుకున్నా, తక్కువ నాణ్యత ధరల వల్ల ఖాతాదారులు 3.41 కోట్ల డాలర్లు కోల్పోయారని ఎస్‌ఈసీ తేల్చింది. ఉచితం అన్న మాట ఖరీదు అది.

యూరోపియన్ యూనియన్ 2024లో ఈ చెల్లింపులను నిషేధిస్తూ చట్టం చేసింది, అప్పటికే అలవాటున్న దేశాలకు 2026 జూన్ 30 దాకా గడువిచ్చింది. అమెరికాలో కొనసాగుతోంది. మీ అబ్బాయి తన ఆర్డర్లు ఎక్కడికి వెళ్లాయో చెప్పమని బ్రోకర్‌ను అడగొచ్చు. ఎస్‌ఈసీ రూల్ 606 కింద గత ఆరు నెలల వివరాలు ఇవ్వాల్సిందే.

మన దగ్గర బ్రోకర్లు అలా ఆర్డర్లు అమ్ముకోవచ్చా?

లేదు. ఆర్డర్ ఎక్స్ఛేంజ్‌కు వెళ్లాల్సిందే, బ్రోకర్ తన ఆఫీసులోనే కలిపేయడానికి వీల్లేదు.

అందరికీ ఒకే ఆర్డర్ బుక్ ఉంటే అందరూ సమానమేనా?

పుస్తకం ఒకటే, చూసే సమయం ఒకటి కాదు. ఎన్‌ఎస్‌ఈ 2010లో బ్రోకర్ల సర్వర్లను తన ప్రాంగణంలోనే పెట్టుకునే కోలొకేషన్ సదుపాయం ఇచ్చింది. అప్పట్లో ధరల సమాచారం అందరికీ ఒకేసారి కాకుండా వరుసగా వెళ్లేది, ముందు కనెక్ట్ అయినవాడికి ముందు. 2014లో అందరికీ ఒకేసారి పంపే పద్ధతి వచ్చింది. పాత పద్ధతి మీద మన మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2019 ఏప్రిల్‌లో ఎన్‌ఎస్‌ఈని సుమారు 625 కోట్ల రూపాయలు వడ్డీతో కట్టమని ఆదేశించింది. 2023 జనవరిలో అప్పిలేట్ ట్రైబ్యునల్ దాన్ని కొట్టేసి, జాగ్రత్త లోపానికి 100 కోట్లు కట్టమంది. మైక్రోసెకన్ల తేడా నెలకోసారి కొనే మదుపరి జేబును పెద్దగా తాకదు. అయినా ఇది ముఖ్యమని నేననుకుంటాను. రింగ్‌లో జాబర్‌కు ముందే తెలిసేది, ఇప్పుడు సర్వర్‌కు ముందే తెలిస్తే మధ్యవర్తి వేషం మారిందంతే.

ఇదంతా తెలుసుకుని ఆర్డర్ పెట్టేటప్పుడు ఏం మార్చుకోవాలి?

చిన్న షేర్లలో మార్కెట్ ఆర్డర్ వాడకండి. మొదటి ఉదాహరణలో 85.00కి లిమిట్ ఆర్డర్ పెట్టి ఉంటే, కొనేవాళ్ల వరుసలో మీరే ముందు ఉండేవారు. అమ్మాలనుకున్న తర్వాతి మనిషి మీ దగ్గరికే వచ్చేవాడు. ఎవరూ రాకపోవచ్చు, ధర మిమ్మల్ని వదిలి పైకి పోవచ్చు. లిమిట్ ఆర్డర్‌లో ఆ రిస్క్ ఉంది, దాన్ని మోసినందుకే స్ప్రెడ్ మీకు మిగులుతుంది. ఆ కాసేపు డీలర్ పని మీరు చేస్తున్నారు.

పెద్ద పరిమాణాన్ని ముక్కలు చేయండి. 9.15కి మార్కెట్ తెరవగానే మొదటి నిమిషాల్లో చిన్న షేర్ల స్ప్రెడ్ వెడల్పుగా ఉంటుంది, ఫలితాల రోజున రోజంతా అలాగే ఉండొచ్చు. రెండు ఎక్స్ఛేంజ్‌లలోనూ ఉన్న షేరైతే రెండు చోట్లా డెప్త్ చూసి ఎంచుకోండి, యాప్ దేన్ని ముందుగా చూపిస్తే దానికే పోవద్దు. ఆప్షన్లలో ఉన్నవాళ్లు స్టాప్‌లాస్‌కు (ధర మీరు పెట్టిన హద్దును, అంటే ట్రిగ్గర్‌ను, తాకగానే దానంతట అదే కదిలే ఆర్డర్‌కు) లిమిట్ ధర పెట్టాల్సిందే. ఖాళీ పుస్తకంలో పడిన స్టాప్‌లాస్ మార్కెట్ ఆర్డర్లు అర్థంలేని ధరలకు ట్రేడవుతుంటే, ఆప్షన్లలో ఆ రకం ఆర్డర్లను ఎన్‌ఎస్‌ఈ 2021 సెప్టెంబరులో ఆపేసింది. ట్రిగ్గర్ ధరకూ లిమిట్ ధరకూ మధ్య ఎంత ఎడం ఇవ్వాలన్నది ఆ కాంట్రాక్ట్ స్ప్రెడ్ చూసి నిర్ణయించుకోండి. స్ప్రెడ్ 2 రూపాయలుండగా 50 పైసల ఎడం ఇస్తే, మీ స్టాప్‌లాస్ ట్రిగ్గర్ అయ్యాక కూడా ఆర్డర్ పడకుండా పుస్తకంలోనే ఉండిపోవచ్చు.